దేవమాలి వైపు 4 రోజుల ట్రెక్: ఒక్క గైడ్‌ని నమ్ముకుని బయల్దేరకండి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది రాయగడ, ఇప్పుడు హైదరాబాద్‌లో జాబ్, నీతో కలిపి ఫ్రెండ్స్ ఐదుగురు ప్లస్ 54 ఏళ్ళ మీ మేనమామ, డిసెంబర్ చివర్లో మా ఒడిశా కోరాపుట్ కొండల్లో దేవమాలి శిఖరం నుంచి డుడుమా జలపాతం దాకా టెంట్లేసుకుంటూ 4 రోజులు నడుద్దామని ప్లాన్. ఒక గైడ్ దొరికాడు, రోజుకి 20 కి.మీ చొప్పున మొత్తం నేనే తిప్పుతా అంటున్నాడు, నమ్మొచ్చా, ఏం కొనాలి, మామయ్యకి బీపీ ఉంది తీసుకెళ్ళొచ్చా అని అడిగావు. నేను సునాబెడలో పుట్టి పెరిగినవాణ్ణి, నాన్న శ్రీకాకుళం నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈ కొండలు చిన్నప్పటి నుంచీ తిరుగుతున్నా, పద్నాలుగేళ్ళుగా చలికాలంలో గ్రూపుల్ని కూడా తీసుకెళ్తున్నా. కొంచెం పెద్ద ఆన్సరే అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు గైడ్ సంగతి. అతను మోసగాడని నేననను, మంచోడే అయ్యుండొచ్చు. కానీ "మొత్తం నేనే తిప్పుతా" అన్నాడు చూశావా, నాకు అక్కడే తేడా కొట్టింది. మా వైపు కొండ మనిషికి తన ఊరి పశువులు ఎంతదాకా మేతకి వెళ్తాయో అంతదాకా అరచేతిలో గీతలా తెలుసు, ఏ బండ కింద ఊట ఉంది, ఏ చెట్టు మీద తేనెపట్టు ఉంది అన్నీ చెప్తాడు. ఆ మేత హద్దు దాటాడంటే అతనూ నీలాగే చుట్టం, కాకపోతే నీకంటే వేగంగా నడిచే చుట్టం. పైగా 4 రోజుల్లో మీరు చూడబోయేది ఒక అడవి కాదు, నాలుగు రకాల భూమి. దేవమాలి మీద చెట్టనేదే లేని గడ్డి కొండ, దాని కింద మెట్ల పొలాలూ వాగులూ, మాచ్‌కుండ్ దగ్గర లోతైన లోయ, గుప్తేశ్వర్ గుహల వైపు సాల అడవి. వీటన్నిటికీ ఒకే మనిషి గైడ్ అంటే గుండెకీ పంటికీ ఒకే డాక్టర్ అన్నట్టే.

నేనిది పుస్తకం చదివి చెప్పట్లేదు, దెబ్బ తిని నేర్చుకున్నా. 2016 డిసెంబర్, ఏడుగురం, పొట్టంగి వైపు ఒక ఊరి నుంచి ఒక పెద్దాయన్ని తీసుకెళ్ళాం, మొదటి రోజు అద్భుతంగా నడిపించాడు. రెండో రోజు గట్టు దాటి అవతలి వాలులోకి దిగాలి, పొద్దున్నే పొగమంచు దిగింది, పది అడుగుల అవతల మనిషి కనిపించట్లేదు, ఈయనేమో ఇక్కడే దగ్గరే దగ్గరే అంటూ నడుస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం రెండైంది, ఒకే ఎర్ర మట్టి కోత పక్క నుంచి రెండోసారి వెళ్తున్నామని నాకు డౌటొచ్చింది, అయినా నోరు మూసుకున్నా, అదీ నా తప్పు. నాలుగింటికి ఆయన మూట దించి రాయి మీద కూర్చుని, ఈ వైపు ఒకే ఒక్కసారి వచ్చా బాబూ, అది కూడా పెళ్ళికి, రాత్రిపూట, అన్నాడు. కోపం రావాల్సింది, రాలేదు, ఎందుకంటే ఆయన్ని నేను ఆ మాట ముందు రోజు అడగలేదు కదా.

ఆ రాత్రి వాలు మీదే పడుకున్నాం. ఏడుగురికీ ఆయనకీ కలిపి ఒకటిన్నర బాటిల్ నీళ్ళు, వంట లేదు, అటుకులు పొడిగా నమిలాం, ఒక కుర్రాడైతే టెంట్ మీద పట్టిన మంచుని కర్చీఫ్‌తో తుడిచి పిండుకున్నాడు. తెల్లారి ఆరింటికి టకటకమని చెక్క గంట శబ్దం. ఇక్కడ ఆవుల మెడలో లోహం గంట కాకుండా చెక్కతో చేసింది కడతారు, ఆ శబ్దం ఒకసారి వింటే మర్చిపోవు. ఆవుల వెనకాల పదేళ్ళ పిల్లాడు, వాడి ఊరు మా కిందే పదిహేను నిమిషాల దూరంలో ఉంది. రాత్రంతా కుక్కలు కూడా మొరగలేదు, లేకపోతే తెలిసేది.

అప్పట్నుంచి నేను చేసేది ఒక్కటే. ప్లాన్ మొత్తం చూసుకునే మనిషి ఒకడు (అది నేనో, సెమిలిగూడలో జీపు మాట్లాడి పెట్టే కుర్రాడో), దారి చూపే మనిషి మాత్రం ప్రతి కొండకీ మారతాడు. మొదటి ఊరి మనిషి రెండో ఊరి దాకా తీసుకొచ్చి, అక్కడ వాళ్ళ మనిషికి మమ్మల్ని అప్పజెప్పి, చోడి (రాగి) అంబలి తాగి వెనక్కి వెళ్ళిపోతాడు. ఈ అప్పజెప్పడంలోనే అసలు సంగతంతా ఉంది. వాళ్ళిద్దరూ దేశియాలో, అంటే ఇక్కడి కొండ ఊళ్ళ భాషలో, ఏదో మాట్లాడుకుంటారు, ఎవరీళ్ళు, ఎక్కడ పడుకుంటారు, తాగుడు ఉందా, ఆడవాళ్ళు ఉన్నారా అని, ఆ ఐదు నిమిషాల్లో నువ్వు ఆ ఊరికి తెలిసిన మనిషివి అయిపోతావు. అలా కాకుండా ఊరికి తెలియకుండా ఊరి కొండ మీద టెంట్ వేస్తే రాత్రి టార్చిలు వేసుకుని నలుగురు రావడం ఖాయం, వాళ్ళ వైపు నుంచి చూస్తే అది న్యాయమే. అడవి అని మనం అనుకుంటాం గానీ ఇక్కడ ఖాళీ అడవి అంటూ ఏదీ లేదు, ప్రతి వాలూ ఎవరిదో ఒక ఊరిది.

కాబట్టి మీ గైడ్‌కి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు వెయ్యి. రెండో రాత్రి పడుకునే చోట నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తావ్, ఆ దారిలో ఆఖరిసారి నువ్వు నడిచింది ఏ నెలలో, మూడో రోజు మామయ్య కాలు మడత పడితే ఏ ఊరికి దించుతావ్, అక్కడికి జీపు వస్తుందా. దీనికి ఊరి పేర్లతో సమాధానం వస్తే మంచోడు. "మీరు టెన్షన్ పడకండి సార్, అంతా నేను చూసుకుంటా" అన్నాడంటే దణ్ణం పెట్టి వదిలెయ్.

ఇప్పుడా 20 కి.మీ లెక్క. కాగితం మీద నడకకి ఒక పాత లెక్క ఉంది, నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పింది, 5 కి.మీకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట కలుపుకోవాలి. అది అలవాటున్న కాళ్ళకి. భుజాన పది కిలోలు వేసుకుని, ఫోటోలు తీసుకుంటూ, ఆఫీస్ కుర్చీలోంచి లేచొచ్చిన మనం గంటకి రెండు, రెండున్నర కి.మీ నడిస్తే గొప్ప. డిసెంబర్‌లో ఇక్కడ ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు, లోయలో అయితే నాలుగున్నరకే నీడ పడిపోతుంది. పొద్దున టెంట్లు విప్పి టిఫిన్ తిని కదిలేసరికి ఎంత తొందరపడ్డా ఎనిమిదిన్నర. నేనైతే రోజుకి 9, 10 కి.మీకి మించి పెట్టను, మూడింటికల్లా క్యాంప్ చోటు చేరిపోవాలి. నడకని వరసగా 4 రోజులు కూడా సాగదీయొద్దు. మొదటి రెండు రోజులు దేవమాలి చుట్టూ నడవండి, మూడో రోజు పొద్దున్న బొలెరోలో మాచ్‌కుండ్ వైపు వెళ్ళి డుడుమా, నాలుగో రోజు జైపూర్ మీదుగా గుప్తేశ్వర్. (జైపూర్ అంటే మన జైపూర్, రాజస్థాన్‌ది కాదు, హోటల్ బుకింగ్‌లో ఇది కూడా చూసుకోండి.)

దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు. పైకి రోడ్డు పడింది, వీకెండ్‌లో కార్లూ డీజే బాక్సులూ తయారు, కాబట్టి శిఖరం దగ్గర పడుకోవాలనే ఆశ వదిలేసి పక్క గట్ల మీద నడవండి, అక్కడ ఇంకా గాలి శబ్దం తప్ప ఏమీ ఉండదు. పైన నీడ లేదు, కట్టెలు లేవు, ఎండ చలిలో కూడా మాడ్చేస్తుంది, టోపీ లేకుండా రావద్దు. నవంబర్‌లో వచ్చుంటే కింద పొలాలన్నీ వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టు ఉండేవి, డిసెంబర్ చివరికి చాలావరకు కోసేస్తారు. డుడుమా జలపాతం సుమారు 175 మీటర్లు, కానీ ఆ మాచ్‌కుండ్ నది నీళ్ళు 1955 నుంచి కరెంట్ కోసం మళ్ళిపోతున్నాయి, వానలయ్యాక కనిపించే జోరు డిసెంబర్‌లో ఉండదు, రీల్స్ చూసి వచ్చి తిట్టుకోకండి. నాకైతే నీళ్ళ కంటే ఆ లోయే గొప్ప. పైన జలాపుట్ డ్యామ్ ఉంది, నీళ్ళు వదలొచ్చు, కాబట్టి నది ఒడ్డు ఎంత పొడిగా కనిపించినా ఇసకలో టెంట్ వేసే పని పెట్టుకోవద్దు. గుప్తేశ్వర్‌లో పారేది మన శబరే, ఇక్కడ కోలాబ్ అంటారు, కూనవరం దగ్గర గోదావరిలో కలిసేది అదే. ఆ అడవిని 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, సున్నపురాయి గుహల్లో గబ్బిలాలు ఉంటాయి, టార్చి కొట్టి అరిచి వాటిని లేపొద్దు. అక్కడ టెంట్ ఆశ వద్దు, రూమ్‌లోనే పడుకోండి, ఆ రోజుకి మీ నడుములకీ అదే కావాలి.

టెంట్ ఎక్కడ వేయాలి అనేదాని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే కొత్తవాళ్ళు తొంభై శాతం తప్పు చేసేది ఇక్కడే. అందరికీ వాగు పక్కన పడుకోవాలని సరదా, ఫోటోకి బాగుంటుంది. వద్దు. ఒకటి, చల్లగాలి నీళ్ళలాంటిదే, రాత్రి వాలు మీద నుంచి జారి లోయ అడుగున నిలుస్తుంది, అందుకే తెల్లారి నాలుగింటికి వాగు పక్కన ఉన్నంత చలి వంద అడుగులు పైన ఉండదు. రెండు, కోరాపుట్ మలేరియా పేరున్న జిల్లా, ఇప్పుడు బాగా తగ్గింది గానీ పోలేదు, ఇక్కడ దాన్ని మోసే ఒక రకం దోమ మురుగులో కాదు, మెల్లగా పారే తేట వాగు అంచుల్లోనే గుడ్లు పెడుతుంది. మూడు, నీళ్ళకి జంతువులూ వస్తాయి. అలాగని గట్టు కొసన వేస్తే గాలికి రాత్రంతా టెంట్ చెంపలు కొట్టుకుంటూనే ఉంటుంది, నిద్ర ఉండదు. నడుమ చూసుకోవాలి, వాలు మధ్యలో మెట్టలా కాస్త చదునుగా, వెనక నుంచి గాలి తగలకుండా. కోత అయిపోయిన మెట్ల మడి దొరికితే అంతకంటే మంచి పరుపు లేదు, రైతుని అడిగి వేసుకోండి, వరిగడ్డి కూడా ఇస్తాడు. ఆ గడ్డి నాలుగు వేళ్ళ మందాన పరిచి దాని మీద టెంట్ వెయ్యి, మూడు వేల రూపాయల మ్యాట్ చేసే పని అదే చేస్తుంది. పొద్దున్నే గడ్డి కట్ట కట్టి తీసుకున్నచోటే పెట్టెయ్యాలి, అది వాళ్ళ ఆవుల తిండి.

చలి పైనుంచి కాదు, కింద నుంచి ఎక్కుతుంది. సెమిలిగూడ మెట్టే సుమారు 900 మీటర్ల ఎత్తు, డిసెంబర్‌లో రాత్రి పది డిగ్రీల లోపు మామూలు, ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే పైన ఎలా ఉంటుందో లెక్కేసుకో. స్లీపింగ్ బ్యాగ్ కొనేటప్పుడు దాని మీద రెండు టెంపరేచర్లు ఉంటాయి, కంఫర్ట్ అని ఒకటి, లిమిట్ అని ఒకటి. షాపువాడు లిమిట్ చూపించి అమ్ముతాడు, నువ్వు కంఫర్ట్ చూసి కొను, 5 డిగ్రీలు ఉంటే చాలు. ఆరుగురికీ కొత్తవి కొనక్కర్లేదు, విశాఖలో హైదరాబాద్‌లో అద్దెకిస్తారు. డబ్బులు పెట్టాల్సింది బూట్ల మీద. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బినప్పుడు, మందం సాక్సుతో వేసి చూసుకుని అర సైజు పెద్దది తీసుకోండి, దిగుడులో బొటనవేలు ముందుకి తగిలితే రెండో రోజుకి గోరు నల్లబడుతుంది. ఇప్పుడే కొని రోజూ ఆఫీస్‌కి అవే వేసుకెళ్ళు, ఎవరు నవ్వినా పర్లేదు. జీన్స్ తేవొద్దు, తడిస్తే ఆరదు. బ్యాగు నీ బరువులో ఐదో వంతు దాటకూడదు, అంతే, మిగతా గేర్ వీడియోలు చూసి బుర్ర పాడు చేసుకోకు.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు మోయాలి. ఊట నీళ్ళు ఎంత తేటగా ఉన్నా మరిగించండి, తెర్లు పట్టాక ఒక నిమిషం చాలు, లేదా క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి. తిండికి ఉప్మా రవ్వ, అటుకులు, పెసరపప్పు బియ్యం, మీ అమ్మగారు చేసే కారప్పొడి. మధ్యాహ్నం వంట పెట్టుకోవద్దు, ఊళ్ళో అడిగితే చోడి అంబలి పోస్తారు, వీళ్ళు మాండియా పేజ్ అంటారు, ఎండలో నడిచాక అది కడుపులో పడితే ఎనర్జీ డ్రింకులు ఎందుకూ పనికిరావు. చిన్న గ్యాస్ స్టవ్ తెచ్చుకోండి, కట్టెలు నరకొద్దు. గడ్డి కొండ మీద నెగడు అసలే వద్దు, నిప్పురవ్వ ఒక్కటి చాలు.

మామయ్య విషయం. 1,672 మీటర్లకి ఎత్తు జబ్బు రాదు, అది మామూలుగా 2,500 దాటాక వచ్చే గొడవ, ఆ భయం వద్దు. బీపీ కంట్రోల్‌లో ఉండి, ఆయన రోజూ నడిచే మనిషైతే రావచ్చు, కానీ డాక్టర్‌ని అడిగి రావాలి, ముఖ్యంగా ఒంట్లో నీరు లాగే మాత్ర వేసుకుంటుంటే ఎండలో నడిచినప్పుడు ఏం చేయాలో కనుక్కోవాలి. నెల ముందు నుంచి మీ అపార్ట్‌మెంట్ మెట్లు బ్యాగుతో ఎక్కించు. ఎక్కడం కంటే దిగడమే ఆయన మోకాళ్ళకి కష్టం, రెండు వెదురు కర్రలు ఊళ్ళోనే కొట్టిస్తారు. గ్రూపులో అందరికంటే ముందు ఆయన్నే నడవనివ్వు, వెనక పెడితే పాపం రెస్ట్ లేకుండా పరిగెత్తుతూనే ఉంటాడు, మీరు ఆగి ఊపిరి తీసుకుని ఆయన రాగానే లేచి వెళ్ళిపోతారు, అన్ని గ్రూపుల్లో ఇదే వరస.

జంతువుల్లో ఎలుగుబంటికి జాగ్రత్త, అది మనల్ని చూసి కాదు, ఉలిక్కిపడి మీద పడుతుంది, అందుకే తెల్లవారుజామున పొదల్లో మాట్లాడుకుంటూ నడవండి. పాము కరిస్తే కాలు కదపకుండా కర్ర కట్టి మోసుకుంటూ దించాలి, తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు, నాటు మందు దగ్గర గంట పోగొట్టుకోవద్దు, కోరాపుట్‌లో మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది, నేరుగా అక్కడికే. ఇంటికెళ్ళాక నెల లోపు జ్వరం వస్తే పారాసెటమాల్‌తో సరిపెట్టకుండా కోరాపుట్ అడవిలో పడుకున్నామని డాక్టర్‌కి చెప్పి మలేరియా టెస్ట్ చేయించండి, హైదరాబాద్ డాక్టర్‌కి నువ్వు చెప్తే తప్ప తట్టదు. ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్ కాల్చినట్టు నల్ల పొక్కు కనిపిస్తే అది కూడా చూపించు, స్క్రబ్ టైఫస్ కావచ్చు, గడ్డిలో ఉండే చిన్న పురుగుతో వస్తుంది.

ఇంకోటి, దీన్ని ఎవరూ రాయరు. ఈ బోర్డర్ కొండల్లో గంజాయి సాగు ఉందన్నది పేపర్లు చదివే అందరికీ తెలుసు. దారి తప్పి ఏదైనా తోట కనిపిస్తే ఫోన్ బయటికి తీయకుండా వచ్చిన దారినే వెనక్కి రండి. తిరుగు ప్రయాణంలో చెక్‌పోస్టుల్లో బ్యాగులు విప్పుతారు, ఎవరైనా చిన్న పార్సిల్ సాలూరులో ఇచ్చేయండి అంటే మర్యాదగా కుదరదని చెప్పండి. బయల్దేరే ముందు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో పేర్లు, రోజులు, ఊర్లు రాసిచ్చి వెళ్ళండి, ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ కావాల్సిన చోట అది కూడా. మాచ్‌కుండ్ దగ్గర ఒనకడిల్లి గురువారం సంతకి బొండా తెగ ఆడవాళ్ళు వస్తారు, చాలామంది కెమెరాలు పట్టుకుని దాని కోసమే వస్తారు, మీరు సంతలో కూరగాయలు కొనుక్కుని వచ్చేయండి చాలు, మొహం మీద లెన్స్ పెట్టకండి. దేశియా రాకపోయినా భయం లేదు, పాణి అంటే నీళ్ళు, బాట అంటే వాళ్ళకీ బాటే.

డబ్బు అడిగావు కదా. దారి చూపే మనిషికి నేను రోజుకి వెయ్యి ఇస్తాను, భోజనం మనదే, తిరిగి వెళ్ళే రోజుకి సగం అదనం, ఎందుకంటే వెనక్కి కూడా అతను నడిచే వెళ్ళాలి. ఇది ఆఖర్న కాదు, ప్రతి ఊళ్ళో అప్పజెప్పేటప్పుడే చేతికి ఇవ్వాలి. మీ గైడ్ దీనికి ఒప్పుకుంటే అతన్నే మొదటి కొండకి పెట్టుకో, పాపం వదులుకోనక్కర్లేదు.

ఆఖరిగా టికెట్లు. నువ్వు రాయగడ నుంచి వస్తావు కాబట్టి నీకు తెలుసు, కానీ విశాఖ నుంచి కిరండుల్ రైలెక్కే నీ ఫ్రెండ్స్‌కి గట్టిగా చెప్పు, దారిలో అరకు దగ్గర షిమిలిగూడ అని ఒక స్టేషన్ వస్తుంది, అది మన సెమిలిగూడ కాదు, వాళ్ళు దిగాల్సింది కోరాపుట్‌లో. షిమిలిగూడలో దిగి, అన్నా స్టేషన్ బయట జీపు కనిపించట్లేదేంటి అని నాకు ఫోన్ చేసినవాళ్ళు ఇప్పటికి ఇద్దరు.